శతకాల పరిష్కృత సంపుటానికి సాదా టెక్స్ట్ కూర్పు: లేటెక్, టైప్‌స్ట్, పాన్‌డాక్‌లలో ఏది తగినది?

తాటాకు:
సభ్యులందరికీ నమస్కారం. మా సాహిత్య సమితి తరఫున కొన్ని పాత శతకాలను పాఠాంతరాలతో, ప్రతిపదార్థ తాత్పర్యాలతో ఒకే సంపుటంగా వెలువరించాలని సంకల్పించాము. పుస్తకం 1/8 డెమ్మీ పరిమాణంలో అచ్చవుతుంది. తరువాత ఈ-పుస్తకంగా కూడా రావాలి. కొత్త ప్రతులు దొరికినప్పుడు రెండవ ముద్రణలో వాటి పాఠాంతరాలను చేర్చే వీలు కూడా ఉండాలి.

ఇంతవరకు మా పుస్తకాలన్నీ డీటీపీ కేంద్రాలలో, పేజ్‌మేకరులో, అను ఫాంట్లతో కూర్చినవే. ఆ ఫైళ్ళన్నీ భద్రంగానే ఉన్నాయి గాని, వాటిలోని అక్షరాలు యూనికోడ్‌లో లేనందువల్ల ఒక పదాన్ని వెతకడానికైనా, ఒక పద్యాన్ని మరోచోట వాడుకోవడానికైనా పనికిరావడం లేదు. మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చిన పాఠాన్ని మళ్ళీ మొదటినుంచి ప్రూఫు చూడవలసి వస్తున్నది. ఈసారి పాఠమంతా ఏ సంస్థ ఫైలు రూపానికీ కట్టుబడని సాదా టెక్స్ట్‌గానే ఉండాలనీ, దానినుంచే అచ్చు పేజీలు పుట్టాలనీ నా కోరిక. ఇందుకు పనికివచ్చే పరికరాలుగా, రాత పద్ధతులుగా లేటెక్, టైప్‌స్ట్, మార్క్‌డౌన్, జీరాఫ్ అని పేర్లు వింటున్నాను. తెలుగు పద్యానికి వీటిలో ఏది నిలబడుతుందో, ఏ కారణం చేత నిలబడుతుందో అనుభవజ్ఞులు వివరంగా చెప్పాలని ప్రార్థన.

అచ్చుమర:
తాటాకు గారూ, ఏ పరికరాన్నైనా మొదట ఒకే ప్రశ్నతో వడపోయండి: అది తెలుగు అక్షరాలను సరిగా రూపుదిద్దగలదా? ఇంగ్లీషులో ఒక అక్షరం పక్కన మరొకటి పేర్చితే మాట తయారవుతుంది. తెలుగులో గుణింతపు గుర్తు ఏ హల్లు మీద కూర్చోవాలో, ఏ హల్లు ఒత్తుగా కిందికి దిగాలో ఫాంటులోని ఓపెన్‌టైప్ నియమాలను చదివి నిర్ణయించే యంత్రం ఒకటి కావాలి. నేడు ఎక్కువ పరికరాలలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్, లేదా దాని ఆధారంగా తయారైన మరో సాఫ్ట్‌వేర్ లైబ్రరీ.

ఈ ఒక్క ప్రశ్నతోనే జాబితాలో కొన్ని పేర్లు తప్పుకుంటాయి. బెల్ ల్యాబ్స్‌లో 1970ల తొలినాళ్ళలో పుట్టిన టీరాఫ్‌కు వారసత్వంగా వచ్చిన జీరాఫ్ యూనిక్స్ సహాయ పుటలకు నేటికీ ఎంతో చక్కని పనిముట్టు, కాని తెలుగు ఒత్తులను కూర్చే యంత్రాంగం దానికి లేదు. లేటెక్ పాఠ్యపుస్తకాలలో ఎక్కువగా కనిపించే పీడీఎఫ్‌టెక్ కూడా యూనికోడ్ తెలుగు ఫాంట్లను నేరుగా వాడలేదు. లేటెక్‌కు పునాది అయిన టెక్ రచనను డొనాల్డ్ నూత్ 1970ల చివర స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన కాలానికి యూనికోడ్ పుట్టనే లేదు కనుక ఆ పునాది మీద తెలుగును నిలపడానికి పూర్వం ప్రత్యేక ఫాంట్లతో, లిప్యంతరీకరణ పాఠాన్ని ముందుగా మార్చే చిన్న ప్రోగ్రాములతో మనవాళ్ళు చాలా శ్రమపడ్డారు. ఆ అవస్థను తప్పించినది 2004లో జోనథన్ క్యూ విడుదల చేసిన జీటెక్. యూనికోడ్ పాఠాన్నీ, కంప్యూటరులో ఉన్న ఓపెన్‌టైప్ ఫాంట్లనూ అది నేరుగా తీసుకుంటుంది. దానిపై నడిచే లేటెక్‌ను జీలేటెక్ అంటున్నాము. లువాలేటెక్ కూడా తెలుగును చక్కగా కూర్చగలదు, కాని ఫాంటు పిలిచేటప్పుడు రెండరరు (అక్షరాలను రూపుదిద్దే యంత్రం) హార్ఫ్‌బజ్ అని స్పష్టంగా చెప్పాలి. చెప్పకుండా వదిలేస్తే దాని మామూలు పద్ధతిలో తెలుగు ఒత్తులను నమ్మలేము.

పరికరాన్ని పరీక్షించడానికి వార్తాపత్రికలోని వాక్యం చాలదు. కార్త్స్న్యము, శార్ఙ్గము, ఉచ్ఛ్వాసము, క్ష్మాపతి, రాష్ట్రము, స్త్రీ, అరసున్న ఉన్న మాటలు, బండి ఱ, ౠ, చివర పొల్లు నకారం ఉన్న పద్యపాదాలు ఒక పుటలో పేర్చి, మీరు ఎంచుకున్న ఫాంటుతో ప్రతి పరికరంలోనూ ఒకసారి అచ్చు తీసి చూడండి. కాగితం మీద చూడడం ముఖ్యం, ఎందుకంటే తెర మీద సన్నని ఒత్తుల కలయికలు కంటికి ఆనవు.

కొత్తకలం:
అచ్చుమర గారు చెప్పిన వడపోతలో టైప్‌స్ట్ కూడా నిలుస్తుందని మనవి. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థుల ప్రయత్నంగా మొదలై, 2023 మార్చిలో మూలసంకేతంతో సహా బహిరంగంగా విడుదలైన ఈ పరికరం రస్ట్ భాషలో రాయబడింది. అక్షరాలను రూపుదిద్దడానికి హార్ఫ్‌బజ్‌ను రస్ట్‌లోకి తెచ్చిన రూపాన్నే వాడుతుంది కనుక తెలుగు ఒత్తులు, గుణింతాలు సక్రమంగానే వస్తాయి.

దీని గొప్పదనం రెండు విషయాలలో ఉంది. లేటెక్‌నూ దాని ప్యాకేజీలనూ కలిపి ఇచ్చే టెక్ లైవ్ పూర్తి స్థాపనకు అనేక గిగాబైట్ల స్థలం కావాలి, టైప్‌స్ట్ ఒకే ఒక్క చిన్న ప్రోగ్రాము. రెండవది వేగం. మూల ఫైలులో ఒక అక్షరం మార్చితే ఆ మార్పు తాకిన భాగాన్ని మాత్రమే మళ్ళీ లెక్కించే నిర్మాణం ఉన్నందువల్ల పెద్ద పుస్తకంలో కూడా ఫలితం వెంటనే పక్క తెరలో కనిపిస్తుంది. తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం ఏ పంక్తిలో ఏది లోపించిందో మామూలు మాటలలో చెబుతుంది. లేటెక్ దోష సందేశాలను చూసి భయపడి తిరిగి వర్డుకు వెళ్ళిపోయిన సాహిత్య మిత్రులు నాకు అనేకులు తెలుసు. కంప్యూటరు వృత్తి కాని మనిషి సొంతంగా ఒక పుస్తకాన్ని కూర్చుకోవాలంటే ఈ సౌలభ్యానికి నేను చాలా విలువ ఇస్తాను.

అచ్చుమర:
కొత్తకలం గారి మాటతో విభేదించను. అయితే పంక్తుల మధ్య దూరం విషయంలో ఈ రెండు పరికరాల నడవడి వేరు. పద్యం ఉన్న పుస్తకానికి ఇది మొదటి పుటలోనే తగులుతుంది కాబట్టి విడిగా చెబుతున్నాను.

లేటెక్‌లో 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల పంక్తి దూరం ముందుగానే పెట్టి ఉంటుంది. అది రోమన్ లిపికి సరిపోయే కొలత. తెలుగులో పై పంక్తిలోని ఒత్తు కిందికి దిగి, కింది పంక్తిలోని గుడి పైకి లేచి రెండూ ఒకదానినొకటి తాకుతాయి. తాకబోతున్నాయని గమనించిన టెక్, ఆ రెండు పంక్తుల మధ్య మాత్రం నిర్ణీత దూరాన్ని విడిచిపెట్టి కాస్త ఎడం పెంచుతుంది. దానివల్ల పుటలో కొన్ని పంక్తులు దగ్గరగా, కొన్ని దూరంగా పడి కూర్పు అతుకులబొంతలా కనిపిస్తుంది. చాలామంది దీనిని ఫాంటు లోపమనుకుంటారు, నిజానికి కారణం ఇది. మూల దూరాన్నే అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్ల దాకా పెంచితే పంక్తులు సమానంగా నిలుస్తాయి.

టైప్‌స్ట్ మొదటి అమరికలో పంక్తి ఎత్తును రోమన్ పెద్దక్షరం తలనుంచి ఆధార రేఖ వరకే లెక్కిస్తుంది, ఆధార రేఖకు కింద ఏముందో పట్టించుకోదు. అందువల్ల పంక్తులు సమంగానే పడతాయి గాని ఒత్తులు కింది పంక్తిలోకి చొరబడవచ్చు. అక్కడ లీడింగ్‌ను, అంటే పంక్తుల మధ్య ఖాళీని, 0.65 ఎమ్ నుంచి ఒక ఎమ్‌కు (ఎమ్ అంటే అక్షర పరిమాణమంత కొలత) దగ్గరగా పెంచుకోవాలి. ఫాంటును బట్టి ఈ అంకె మారుతుంది. పోతన, మండలి, నోటో సెరిఫ్ తెలుగు మూడింటినీ ఒకే కొలతతో కూర్చి చూస్తే ఒత్తుల లోతు ఎంత వేరుగా ఉంటుందో మీకే అర్థమవుతుంది.

ముద్రణశాల:
నేను విజయవాడలో డీటీపీ వృత్తిలో ఉన్నవాడిని, పుస్తకాల పేజీలు కూర్చడం నా జీవనాధారం. మీరు చెప్పే పరికరాల పట్ల నాకు వ్యతిరేకత లేదు. కాని ప్రెస్సు వైపునుంచి కొన్ని సంగతులు ముందే తెలుసుకుంటే తరువాత ఇబ్బంది ఉండదు.

మా దగ్గరకు వచ్చేవారు చివరి ప్రూఫు తరువాత కూడా దిద్దుబాట్లు తెస్తారు. ఇండిజైన్ ఫైలు అయితే ప్రెస్సులో ఎవరైనా తెరిచి ఒక పదం మార్చగలరు. లేటెక్ పీడీఎఫ్ ఇస్తే ఆ మార్పు మీరే చేసి మళ్ళీ పంపాలి, ఆ బాధ్యతకు సిద్ధంగా ఉండండి. పుస్తకం 16 పేజీల ఫారాలుగా అచ్చవుతుంది కనుక మొత్తం పేజీల సంఖ్యను ఫారాలకు సర్దుబాటు చేసుకోవాలి. ఒక్క పేరా పెరిగి కొత్త పుటలోకి జారితే ఆఖరున మరో ఫారం పెరిగే ప్రమాదం ఉంటుంది. పీడీఎఫ్‌లో ఫాంట్లన్నీ ఇమిడి ఉండాలి, అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే ఉండాలి. ముఖపత్రాన్ని మాత్రం వేరుగా, బొమ్మలకు అనువైన ప్రోగ్రాములో చేయించుకోండి. వెన్ను వెడల్పు కాగితం మందాన్ని బట్టి మారుతుంది గనుక అది చివరగా తేలే లెక్క.

ఇంకొక మాట. తెలుగు అక్షరానికి ఇటాలిక్ రూపం లేదు. వాలు అక్షరం కావాలని అడిగితే కంప్యూటరు నిలువు అక్షరాన్నే బలవంతంగా వంచుతుంది, అది అచ్చులో అందంగా ఉండదు. నొక్కి చెప్పవలసిన మాటను ఏ రూపంలో చూపాలో మొదటే నిర్ణయించుకోండి.

కొత్తకలం:
ముద్రణశాల గారు చెప్పిన చివరి అంశం మార్క్‌డౌన్ వాడేవారికి మరీ ముఖ్యం. మార్క్‌డౌన్‌లో నక్షత్రపు గుర్తుల మధ్య పెట్టిన మాట ఇటాలిక్‌గా మారుతుంది. తెలుగు ఫాంటులో ఆ రూపం లేనప్పుడు లేటెక్ గాని టైప్‌స్ట్ గాని మామూలు అక్షరాన్నే వేసి ముందుకు సాగిపోతాయి. రచయిత నొక్కి చెప్పిన మాట పుటలో మిగతా మాటలతో కలిసిపోయి, ప్రూఫు చూసేవారికి కూడా దొరకదు. నొక్కి చెప్పడం అంటే బొద్దు అక్షరమో, మరో ఫాంటో అని ఒక్కచోట నిర్వచించుకుంటే ఈ నష్టం ఉండదు, టైప్‌స్ట్‌లో దీనికి ఒక్క వాక్యం చాలు.

వలసపిట్ట:
నేను విదేశంలో తెలుగు కావ్యాల పాఠ పరిష్కరణపై పరిశోధన చేస్తున్నాను. ఇంతవరకు చర్చ పేజీ అందం చుట్టూ తిరిగింది. తాటాకు గారి పుస్తకంలో అన్నిటికంటె కష్టమైనది పాఠాంతరాల నమోదు అని నా అభిప్రాయం.

పాఠాంతరం సాధారణ అధస్సూచిక వంటిది కాదు. ఏ పద్యంలో, ఏ పాదంలో, ఏ మాటకు, ఏ ప్రతిలో, ఏ పాఠం ఉన్నదో ఒక్కచోట చెప్పాలి. అర్థ వివరణల అధస్సూచికలు వేరే వరుసలో రావాలి. పాదాల సంఖ్య దానంతట అదే పడాలి, మధ్యలో ఒక పద్యం చేరితే తరువాతి అంకెలన్నీ వాటంతట అవే సవరించుకోవాలి. లేటెక్‌లో రెలెడ్‌మాక్ అనే ప్యాకేజీ సరిగ్గా ఈ పనికోసమే ఉన్నది, దాని పూర్వరూపాలైన ఎడ్‌మాక్, లెడ్‌మాక్‌ల కాలంనుంచి పాశ్చాత్య ప్రాచీన గ్రంథాల పరిష్కర్తలు దీనిని వాడుతున్నారు. ఒకే పుటలో అనేక వరుసల సూచికలు, మూలం ఒక పుటలో వ్యాఖ్య ఎదురు పుటలో వచ్చే అమరిక దీని కుటుంబంలో సిద్ధంగా దొరుకుతాయి. టైప్‌స్ట్ ఎంత వేగమైనదైనా, ఇంత కాలం ఇంతమంది చేతుల్లో నలిగిన పరిష్కరణ సాధనం దానికి ఇంకా సమకూరలేదు. తాటాకు గారి పుస్తకంలో పాఠాంతరాలు లేకపోతే నేను కూడా కొత్తకలం గారి వైపే మొగ్గేవాడిని.

పరికరం ఏదైనా, మూల ఫైలులో రాయవలసినది రూపాన్ని కాదు, స్వభావాన్ని. ఇది బొద్దు అక్షరం, ఇది ఎడమనుంచి ఇంత దూరం అని రాయకండి. ఇది పద్యం, దీని ఛందస్సు ఉత్పలమాల, ఇది మూడవ పాదం, ఇది ఫలానా ప్రతిలోని పాఠం అని రాయండి. ఎడమవైపు ‘ఉ.’ అనో ‘తే.గీ.’ అనో వేలాడదీయడం, సీసపద్యపు పాదాన్ని రెండు పంక్తులుగా విరవడం ఆ నిర్వచనాలు ఉన్న ఒక్క ఫైలు పని. జీలేటెక్‌లో ఎన్విరాన్‌మెంట్ (పద్యం, తాత్పర్యం వంటి ఒక భాగాన్ని చుట్టే గుర్తుల జత) పేర్లను తెలుగులోనే పెట్టుకోవచ్చు కనుక మీ మూల ఫైలును తెరిచిన ఏ తెలుగు చదువరికైనా అందులో ఏమున్నదో అర్థమవుతుంది.

పాదం విషయంలో ఒక సూక్ష్మం ఉంది. తెలుగు పద్యంలో పాదం ముగిసినచోట మాట ముగియాలనే నియమం లేదు. సంస్కృత సమాసం ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలోకి పోవడం వృత్తాలలో సర్వసాధారణం. అచ్చులో అక్కడ చిన్న గీత పెడతాము. ఆ గీతను మూల ఫైలులో చేత్తో టైపు చేస్తే ఆ సమాసం ఎప్పటికీ రెండు ముక్కలుగానే మిగిలిపోతుంది, వెతికినా దొరకదు, పద సూచికలోనూ చేరదు. పాదాంతానికి ఒక గుర్తు, మాట కొనసాగుతున్న పాదాంతానికి మరో గుర్తు పెట్టుకోండి. అచ్చు పుటలో రెండవ గుర్తు గీతగా మారుతుంది, పద సూచిక తయారుచేసేటప్పుడు ఏమీ లేనట్టు మాయమవుతుంది.

సూచిక:
గ్రంథాలయ వృత్తిలో ఉన్నదానిగా పాఠకుల పక్షాన మాట్లాడుతున్నాను. పుస్తకం పీడీఎఫ్‌గా మా దగ్గరకు వచ్చినప్పుడు అందులో ‘వస్తే’ అని వెతికితే దొరకాలి, ఒక పద్యాన్ని నకలు తీసుకుంటే అక్షరాలు చెదరకూడదు, చూపు లేని పాఠకుడికి కంప్యూటరు దానిని చదివి వినిపించగలగాలి. తెలుగు పీడీఎఫ్‌లలో ఎక్కువ భాగం ఈ మూడు పరీక్షలలో ఏదో ఒకదానిలో ఆగిపోతున్నాయి.

కారణం అచ్చుమర గారు చెప్పిన రూపుదిద్దే ప్రక్రియలోనే ఉంది. ‘స్తే’ అనే అక్షరంలో యూనికోడ్ వరుస స, పొల్లు, త, ఏత్వం. పుట మీద మాత్రం ఏత్వం సకారం తలకెక్కి, తకారం ఒత్తుగా కింద చేరుతుంది. పీడీఎఫ్‌లో నిల్వ అయ్యేది ఈ రెండవ వరుస. ప్రతి రూపానికీ ఒక అక్షరం అని వెనక్కి లెక్కించే సాధనానికి అసలు వరుస తెలియదు. రూపాల వెనుక అసలు పాఠాన్ని కూడా దాచిపెట్టే సదుపాయం పీడీఎఫ్‌లో యాక్చువల్‌టెక్స్ట్ అనే పేరుతో ఉన్నది. జీటెక్‌లో దానిని పుట్టించే అమరిక ఉంది గాని, మొదట అది ఆపివేసి ఉంటుంది. మీరే దానిని తెరవాలి. దయచేసి ఈ ఒక్క వాక్యాన్ని మరవకండి, మా పాఠకులకు దానివల్ల కలిగే మేలు చాలా పెద్దది.

రెండవ విన్నపం పద్యాల అకారాది సూచిక గురించి. శతకంలో ప్రతి పద్యానికీ చివర ఒకే మకుటం ఉంటుంది కాబట్టి చదువరి మొదటి మాటతోనే వెతుక్కోవాలి, అందువల్ల ఈ సూచిక ఇలాంటి పుస్తకానికి ప్రాణం. లేటెక్‌తో వచ్చే పాత మేక్‌ఇండెక్స్ ప్రోగ్రాముకు తెలుగు వర్ణక్రమం తెలియదు. యూనికోడ్ సంఖ్యల వరుసను అనుసరిస్తే చాలావరకు సరిపోయినట్టే కనిపిస్తుంది, కాని ఆ వరుసలో ళకారం లకారం వెంటనే, వకారానికి ముందు ఉంటుంది. బండి ఱ రేఫ పక్కన ఉంటుంది. సున్న అచ్చులన్నిటికంటె ముందు ఉంటుంది. మన నిఘంటువుల సంప్రదాయం వేరు. సున్న ఎక్కడ రావాలో మీ పరిష్కర్తతో ముందే మాట్లాడి, ఆ క్రమంలో మాటలను పేర్చే చిన్న ప్రోగ్రామును పైథాన్‌లో రాయించుకోండి. పాఠమంతా సాదా టెక్స్ట్‌లో ఉన్నది కనుక అది పెద్ద పని కాదు. మూసిన ఫైలు రూపంలో ఉండి ఉంటే ఇది చేత్తో చేయవలసి వచ్చేది.

తాటాకు:
ఇంత శ్రద్ధగా సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి.

మా పరిష్కర్త పెద్దవారు, కంప్యూటరు వాడరు, కాగితం ప్రూఫుల మీద ఎర్ర సిరాతో దిద్దుతారు. ఆ దిద్దుబాట్లను మూల ఫైలులోకి ఎక్కించేది నేనూ, మరో ఇద్దరు యువకులూ. ఆ యువకులకు మార్క్‌డౌన్ తెలుసు, లేటెక్ తెలియదు. పాన్‌డాక్ ద్వారా మార్క్‌డౌన్‌నుంచే అచ్చుకూ ఈ-పుస్తకానికీ వెళ్ళవచ్చని అంటున్నారు. అది మేలైన దారి కాదా? రెండవది, ఈ ఫైళ్ళను ఏ ఎడిటరులో తెరవాలి? మేము ప్రయత్నించిన టెర్మినల్ ఎడిటరులో ఒత్తులు విడిపోయి, కర్సరు ఒకచోట ఉంటే అక్షరం మరోచోట పడుతున్నది.

కొత్తకలం:
పాన్‌డాక్ సంగతి నేను చెబుతాను. జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము ఒక గుర్తుల భాషనుంచి మరొక దానికి మార్చడంలో సాటిలేనిది. మార్క్‌డౌన్‌నుంచి ఈపబ్ అనే ఈ-పుస్తక రూపం, వర్డ్ ఫైలు, లేటెక్, టైప్‌స్ట్ అన్నిటికీ దారి ఉంది. పీడీఎఫ్ కావాలంటే ఇంజనుగా జీలేటెక్‌ను ఎంచుకోమని చెప్పి, తెలుగు ఫాంటు పేరు ఇవ్వాలి. ఏమీ చెప్పకపోతే పీడీఎఫ్‌లేటెక్‌తో ప్రయత్నించి మొదటి తెలుగు అక్షరం దగ్గరే ఆగిపోతుంది. పంక్తి మొదట నిలువు గీత పెట్టి పద్యపాదాలను విడివిడి పంక్తులుగా నిలపవచ్చు. కోలన్ల కంచె మధ్య పెట్టిన భాగానికి పద్యమనో తాత్పర్యమనో పేరు ఇచ్చి, లువా భాషలో రాసిన చిన్న ఫిల్టరుతో దానిని లేటెక్ ఎన్విరాన్‌మెంటుగా మార్చుకోవచ్చు. వ్యాసాల సంకలనమో, కథల సంపుటమో అయితే మరో ఆలోచన లేకుండా ఈ దారే సూచిస్తాను.

పాఠాంతరాలు నిండిన పద్యానికి మాత్రం సందేహిస్తాను. మార్క్‌డౌన్‌కు అంతటి వివరం చెప్పే గుర్తులు సహజంగా లేవు. ప్రతి పాదంలోనూ ముడి లేటెక్ చొప్పించవలసి వస్తే ఆ భాగాలు ఈపబ్‌లోకి వెళ్ళేటప్పుడు జారిపోతాయి. అప్పుడు మార్క్‌డౌన్ సౌలభ్యమూ ఉండదు, లేటెక్ స్పష్టతా ఉండదు.

వలసపిట్ట:
నా అభిప్రాయమూ అదే. పీఠిక, శతకకర్తల పరిచయాలు, అనుబంధ వ్యాసాలు మార్క్‌డౌన్‌లో రాసి పాన్‌డాక్‌తో లేటెక్‌లోకి తెచ్చుకోండి. పద్యభాగం ఉన్న ఫైళ్ళను మొదటినుంచీ లేటెక్‌లోనే, మీ సొంత గుర్తులు పదికి మించకుండా రాయండి. ఆ యువకులు నేర్చుకోవలసినది లేటెక్ మొత్తం కాదు, ఆ కొద్ది గుర్తులే. ఈ-పుస్తకానికి లేటెక్‌నుంచి మార్చే సాధనాలు ఉన్నా, రెలెడ్‌మాక్ వంటి పెద్ద ప్యాకేజీల దగ్గర అవి తడబడతాయి. మీ గుర్తులు కొద్దిగా, కచ్చితంగా ఉంటే వాటిని హెచ్‌టీఎంఎల్‌గా మార్చే ప్రోగ్రామును నేరుగా రాసుకోవడమే సులభం. టీఈఐ అనే ఎక్స్‌ఎంఎల్ ప్రమాణంలో పద్యానికీ, పాదానికీ, పాఠాంతరానికీ నిర్ణీతమైన గుర్తులు ఉన్నాయి. చేత్తో రాయడానికి బరువైనది కాబట్టి దానిలో రాయమని చెప్పను, కాని మీ గుర్తులను దాని విభాగాలకు సరిపోయేటట్టు పెట్టుకుంటే మున్ముందు ఏ విశ్వవిద్యాలయ భాండాగారానికైనా మీ పాఠాన్ని అందించగలుగుతారు.

అచ్చుమర:
ఎడిటరు విషయం. టెర్మినల్ సమాన వెడల్పు గళ్ళ మీద నడుస్తుంది, తెలుగు అక్షరం ఆ గడిలో ఇమడదు. మీరు చూసిన ఇబ్బందికి కారణం అదే గాని మీ ఫైలులో దోషం లేదు. వీఎస్ కోడ్, టెక్‌స్టూడియో వంటి కిటికీలలో నడిచే ఎడిటర్లు వాడండి. ఈమాక్స్ అలవాటున్నవారు 2020లో వచ్చిన 27వ వెర్షను గాని, తరువాతివి గాని వాడాలి. హార్ఫ్‌బజ్ అందులో అప్పటినుంచే చేరింది. సింక్‌టెక్ తెరిచి ఉంచితే పీడీఎఫ్‌లో ఒక పద్యం మీద నొక్కగానే మూల ఫైలులో అదే పంక్తి తెరుచుకుంటుంది. ఎర్ర సిరా దిద్దుబాట్లు ఎక్కించేవారికి ఇది ఎంతో సమయం మిగులుస్తుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. పొల్లు తరువాత హల్లు ఒత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినరును వాడతాము. పద్యంలో ‘న్’ తరువాత ఎడం లేకుండా మరో హల్లు వచ్చేచోట దాని అవసరం తరచుగా పడుతుంది. అనవసరపు గుర్తులు తొలగిస్తామని చెప్పే కొన్ని శుద్ధి సాధనాలు దీనిని కూడా తుడిచివేస్తాయి. ముగ్గురు పనిచేస్తున్నారు కనుక ఫైళ్ళను, ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌లో ఉంచండి. పద్యానికి పాదం చొప్పున ఒక్కొక్క పంక్తిగా, తాత్పర్యంలో వాక్యం చొప్పున ఒక్కొక్క పంక్తిగా రాస్తే ఎవరు ఏ మాట మార్చారో తేడా చూపినప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. మూల ఫైళ్ళతోపాటు ఫాంటు ఫైళ్ళనూ, ఏ సంవత్సరపు టెక్ లైవ్‌తో కూర్చారో ఆ వివరాన్నీ భద్రపరచండి. ఫాంటు వెర్షను మారితే అక్షరాల వెడల్పులు మారి, ముద్రణశాల గారు చెప్పిన ఫారాల లెక్క తప్పుతుంది.

వచన భాగంలో పంక్తి విరుపులకు తెలుగు హైఫనేషన్ నమూనాలు టెక్ లైవ్‌లో ఉన్నాయి. పాలిగ్లాసియా ప్యాకేజీలో భాష తెలుగు అని ప్రకటిస్తే అవి పనిలోకి వస్తాయి. అది మరిస్తే పొడవైన సమాసాలు మార్జిను దాటుతాయి, లేదా మాటల మధ్య పెద్ద ఖాళీలు పడతాయి. ప్రతిపదార్థాన్ని రెండు కాలమ్‌లలో పెట్టే ఆలోచన ఉంటే విరమించుకోమని నా సలహా, ఎందుకంటే 1/8 డెమ్మీలో ఆ వెడల్పు తెలుగు సమాసాలకు చాలదు.

తాటాకు:
మీ మాటలనుబట్టి ఒక నిర్ణయానికి వచ్చాము. పద్యభాగం జీలేటెక్‌లో రెలెడ్‌మాక్‌తో, పీఠికా వ్యాసాలు మార్క్‌డౌన్‌లో ఉంటాయి. సమితి వార్షిక సంచికను, కరపత్రాలను యువకులు టైప్‌స్ట్‌లో చేస్తామని ఉత్సాహపడుతున్నారు, దానికి అభ్యంతరం లేదు. పాత పేజ్‌మేకరు ఫైళ్ళనుంచి మార్చిన పాఠాన్ని కాగితం ప్రతితో సరిచూసిన తరువాతే కొత్త మూల ఫైళ్ళలో చేరుస్తాము. ముద్రణశాల గారూ, మొత్తం పుస్తకం సిద్ధం కాకముందే నమూనాగా ఒక ఫారం మాత్రం ప్రెస్సుకు పంపి అచ్చు తీయించుకోవడం సాధ్యమేనా?

ముద్రణశాల:
సాధ్యమే, అలా చేయడమే మంచిది. ఆఫ్‌సెట్‌లో ఒక్క ఫారానికి ప్లేట్లు తీయించడం ఖర్చు కాబట్టి మొదట ఆ 16 పేజీలను డిజిటల్ ప్రింటులో, పుస్తకానికి వాడబోయే కాగితం మీదనే తీయించండి. పాఠాంతరాలు ఎక్కువగా ఉన్న పుటలు, సీసపద్యం ఉన్న పుట, అచ్చుమర గారు చెప్పిన కఠినమైన సంయుక్తాక్షరాలు ఉన్న పద్యాలు ఆ ఫారంలో ఉండేటట్టు చూసుకోండి. పాఠాంతరాల అక్షరం 9 పాయింట్లకు తగ్గితే ఒత్తులు సిరాతో పూడుకుపోయే అవకాశం ఉంది కనుక ఆ పరిమాణాన్ని మీ పరిష్కర్త కళ్ళతోనే నిర్ణయించండి. కటింగుకు పేజీ చుట్టూ 3 మిల్లీమీటర్లు వదలడం రంగు బొమ్మలున్న పేజీలకే అవసరం, మీ పద్యాల పేజీలకు అక్కరలేదు.